ఇరవై మూడు చుక్కలు

చిన్న గాజు గొట్టంలో మా బావి నీళ్ళు.
బోత్విద్ ఒక్కో చుక్కే మందు వేస్తున్నాడు,
ఎరుపు నీలం అయ్యేదాకా.
పదహారు. పదిహేడు.
కళ్ళద్దాలు ముక్కు కొసకి జారినా సర్దుకోడు,
లెక్క తప్పుతుందని.
ఇరవై మూడో చుక్కకి గానీ
నీళ్ళు మనసు మార్చుకోలేదు.

"ఇంత రాయి ఎవరు తాగుతారే!" అన్నాడు,
అరవై ఏళ్ళుగా అవే తాగుతున్నవాడు.

గోట్లాండ్ దీవిలో మా వైపు
గునపం మోకాలి లోతు దిగిందో లేదో
సున్నపురాయి ఖంగుమంటుంది.
కాఫీ కెటిల్ లోపల ఇంకో తెల్ల కెటిల్ పెరుగుతుంది.
గురువారం సూప్‌కి బఠాణీలు
బుధవారం పొద్దున్నే నానేస్తాను,
అయినా పంటి కింద పలుకు.
సబ్బు అరుగుతుంది, నురగ రాదు.
మా అత్తగారు అనేది:
ఈ నీళ్ళకి నవ్వడం రాదు, పని చెయ్యడం వచ్చు.

ఆ చేసే పని బీరు.
బర్చ్ కట్టెల పొగ పట్టిన మాల్ట్,
జూనిపర్ కొమ్మలు మరిగిన కషాయం,
అడుగు కనపడని నలుపు.
ఎవరింటి పీపా వాళ్ళదే,
ఎవరి గొప్ప వాళ్ళదే.

కానీ మా యోర్డిస్ తన పెళ్ళికి
బంగారు రంగు బీరు కావాలంది.
గ్లాసు వెనక పెట్టిన వేలు
గ్లాసు ముందు నించి కనపడాలట.

మొదటి కాపు:
నాలుక మీద గరుకు గుడ్డతో తుడిచినట్టు చేదు.
కుక్క కూడా వాసన చూసి పక్కకెళ్ళింది.

రెండోసారి నీళ్ళు ముందు రాత్రే మరిగించి,
తెల్లారి పైతేట మెల్లగా వంచుకున్నాడు.
అడుగున పిడికెడు తెల్ల మడ్డి.
"చూశావా, బావిని విరగ్గొట్టాను," అన్నాడు.
బావి విరగలేదు. చేదు కాస్త తగ్గింది, అంతే.

మూడోసారి ఓడెక్కి
అవతలి ఒడ్డు నించి ఎనిమిది క్యాన్లు తెచ్చాడు.
నల్లరాతి దేశం నీళ్ళు, ఏ రుచీ లేని నీళ్ళు.
అడిగినవాళ్ళకి పెయింటన్నాడు.

నిచ్చెన తిరిగివ్వడానికొచ్చిన హెగ్వాల్డ్
క్యాన్ల వైపు చూశాడు, బావి వైపు చూశాడు.
"మాల్ట్ నల్లగా వేయించు, అదే పులుపిస్తుంది.
నీళ్ళతో నీకెందుకు తగువు?"
నిచ్చెన గోడకి ఆనించి వెళ్ళిపోయాడు.

పెళ్ళిలో రెండూ పోశాం.
బంగారు రంగుదాన్ని ఎండకెత్తి పట్టి ఫోటోలు తీసుకున్నారు.
అర్ధరాత్రికి నల్ల పీపా కొడితే డొల్ల మోత.
రెండోది సగానికి దిగలేదు.
బోత్విద్ ఆ రాత్రి ఏమీ మాట్లాడలేదు,
పీపా మూత మాత్రం రెండుసార్లు బిగించాడు.

నిజం చెప్పనా,
నాకు ఆ బంగారు రంగుదే నచ్చింది.
ఎప్పుడూ వెళ్ళని ఊరు తాగినట్టుంది.
ఆయనతో చెప్పలేదు.
చెబితే మళ్ళీ ఓడెక్కుతాడు.

ఆ చలికాలం నడుం పట్టుకుని మెలికలు తిరిగాడు.
కిడ్నీలో రాయి, బార్లీ గింజంత.
డాక్టరమ్మ నీళ్ళ వల్ల కాదంది.
నమ్మినట్టు తలూపాడు.

ఇప్పుడది అగ్గిపెట్టెలో ఉంది,
తాతగారు ఈ బావి తవ్వినప్పుడు దొరికిన
పగడపు తునక పక్కన.
ఇక్కడ నేల పుట్టకముందు సముద్రం ఉండేదట,
వెచ్చటిది, పగడాలతో కిటకిటలాడేది.
ఎటూ పోలేదు, బిగుసుకుంది.
చుట్టాలొస్తే పెట్టె తెరిచి అడుగుతాడు,
"ఏది నాదో చెప్పండి."

చాలామంది తప్పే చెబుతారు.
నేను లోపల కెటిల్ పెడతాను.